కెమెరా బాడీని ఆఖర్న ఎంచుకోండి: ఫొటో, వీడియో పనికి గేర్ కొనేవాళ్లకి

ఏ కెమెరా తీసుకోవాలి అని అడిగినవాళ్లని నేను తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను: మీ పనిలో మళ్లీ తీయడం కుదరని క్షణం ఏది? చాలామంది వెంటనే చెప్పలేరు, కానీ పది నిమిషాలు కూర్చుని ఆలోచిస్తే కొనాల్సిన వాటిలో సగం అక్కడే తేలిపోతాయి. పెళ్లి తీసేవాళ్లకి ఆ క్షణం రెండు సెకన్లు ఉంటుంది, వెలుతురు మన చేతిలో ఉండదు, అందుకని వాళ్లకి కావాల్సింది నమ్మదగ్గ ఆటోఫోకస్, రెండు కార్డ్ స్లాట్లు, అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే రంధ్రం) బాగా తెరుచుకునే లెన్స్. ఇంటర్వ్యూలు తీసేవాళ్లకి ఆ క్షణం గంటసేపు సాగుతుంది, ఎదుటి మనిషి గొంతు వణుకుతూ చెప్పిన మాటని మళ్లీ చెప్పమని అడగలేం కాబట్టి అక్కడ ముందు సౌండ్, తర్వాత మధ్యలో ఆగిపోని బాడీ (లెన్స్ కాకుండా కెమెరా ఒక్కటే). వస్తువుల ఫొటోలు తీసేవాళ్లకి అసలు అలాంటి క్షణమే లేదు, బాగా వచ్చేదాకా ఎన్నిసార్లైనా తీయొచ్చు, అందుకే వాళ్ల డబ్బు లైట్లకీ మాక్రో లెన్స్‌కీ వెళ్లాలి తప్ప సెకనుకి 30 ఫ్రేములు తీసే బాడీకి కాదు.

నేను దీన్ని తలకిందులుగా చేసి నేర్చుకున్నాను. చేతిలో ఉన్నదంతా పెట్టి బాడీ కొన్నాను, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్స్, కెమెరా మీద బిగించే చిన్న మైక్, అంతే. మొదటి ఇంటర్వ్యూ తీసి ఇచ్చినప్పుడు బొమ్మ నిజంగానే చాలా బాగుంది, కానీ గదిలో ఫ్యాన్ హోరు, గోడల నుంచి ప్రతిధ్వని, వాటి వెనక ఎక్కడో ఆ పెద్దాయన మాట. క్లయింట్ బొమ్మ గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సౌండ్ బాగుచేసే సాఫ్ట్‌వేర్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టినా ఆ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే మిగిలింది. అప్పటినుంచి బాడీ అనేది నా జాబితాలో చివరికి పోయింది, ఈ వ్యాసంలో కూడా చివరికే పెట్టాను.

సెన్సార్ సైజు గురించి గొడవ

ముందు దీన్ని తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ ఇక్కడే ఇరుక్కుపోతారు. సెన్సార్ అంటే కాంతిని పట్టి బొమ్మగా మార్చే పలక. ఫుల్‌ఫ్రేమ్ అంటే 36×24 ఎంఎం. ఏపీఎస్-సీ సుమారు 23.5×15.6, కేనన్‌లో ఇంకాస్త చిన్నది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3×13. వైశాల్యంలో చూస్తే ఫుల్‌ఫ్రేమ్ ఏపీఎస్-సీ కంటే సుమారు 2.3 రెట్లు, మైక్రో ఫోర్ థర్డ్స్ కంటే దాదాపు నాలుగు రెట్లు పెద్దది. అంటే అదే అపర్చర్, అదే షట్టర్ దగ్గర ఫుల్‌ఫ్రేమ్‌కి వాటి మీద వరసగా ఒక స్టాప్ పైచిలుకు, రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే కాంతి రెట్టింపు) అనుకూలంగా ఉంటుంది, మసక వెలుతురులో నాయిస్ (గింజలు గింజలుగా కనిపించే మచ్చలు) ఆ మేరకు తగ్గుతుంది.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. చెప్పనిది ఏంటంటే ఆ లాభం అపర్చర్ తెరిచి ఉంచినప్పుడే దక్కుతుంది. పది మంది రెండు వరసల్లో నిలబడిన గ్రూప్ ఫొటో తీయాలంటే ఫుల్‌ఫ్రేమ్ మీద ఎఫ్ 5.6 దాకా మూయాలి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది), లేకపోతే వెనక వరస మెత్తబడుతుంది. అదే లోతు (ముందూ వెనకా స్పష్టంగా వచ్చే మేర) మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ఎఫ్ 2.8కే వస్తుంది. అపర్చర్ రెండు స్టాప్‌లు మూశాక ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) రెండు స్టాప్‌లు పెంచాలి, దాంతో లాభమంతా చెల్లుకి చెల్లు. కాబట్టి మీరు తీసేది ఎక్కువగా గ్రూపులూ, ఇద్దరు కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలూ, వస్తువులూ అయితే పెద్ద సెన్సార్ వల్ల వచ్చే తేడా మీరు అనుకున్నంత ఉండదు. ఒక్క మనిషిని వెనకంతా కరిగిపోయేలా తీయడం, చీకటి హాలులో కదిలేవాళ్లని తీయడం మీ పని అయితే మాత్రం ఫుల్‌ఫ్రేమ్‌కే వెళ్లండి, దానికి సరైన బదులు లేదు.

44×33 ఎంఎం మీడియం ఫార్మాట్ గురించి ఒక్క మాట. ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ కెమెరాలు ఈ కొలతవి. స్టూడియోలో ఫ్యాషన్, ఆభరణాలు, పెద్ద ప్రింట్లు తీసేవాళ్లకి అద్భుతంగా ఉంటాయి. పరిగెత్తే పని ఉన్నవాళ్లకి కావు.

మెగాపిక్సెళ్ల సంగతి ఇంకా తేలిక. 24 మెగాపిక్సెల్ అంటే 6000×4000. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు ప్రింట్ వస్తుంది, గోడ మీద పెద్దది వేసినా దూరం నుంచి చూస్తారు కాబట్టి నడుస్తుంది. 4కే వీడియోలో ఒక ఫ్రేమ్ 8 మెగాపిక్సెళ్లు మాత్రమే. 45 మెగాపిక్సెళ్లు కావాల్సింది గట్టిగా క్రాప్ చేసేవాళ్లకీ, ప్రకటనల ఏజెన్సీలకి ఇచ్చేవాళ్లకీ. మిగతావాళ్లకి ఆ ఫైళ్లు హార్డ్‌డిస్క్ నింపడానికే పనికొస్తాయి.

లెన్స్, మౌంట్: అసలు పెళ్లి దీంతోనే

బాడీ నాలుగేళ్లు ఉంటుంది, మంచి లెన్స్ పదిహేనేళ్లు ఉంటుంది. కాబట్టి మీరు నిజానికి ఎంచుకునేది మౌంట్‌ని, అంటే లెన్స్‌ని బాడీకి బిగించే అమరికని. సోనీ ఈ మౌంట్ లక్షణాల్ని 2011లోనే బయటి కంపెనీలకి ఇచ్చింది, అందుకే ఈరోజు సిగ్మా, టామ్రాన్ లాంటివాళ్ల లెన్సులు దానికి కుప్పలుగా ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లోనూ దొరుకుతాయి. కేనన్ ఆర్ఎఫ్‌కి సొంత లెన్సులు చాలా గొప్పవి, కానీ బయటివాళ్లకి తలుపు ఆలస్యంగా తెరిచింది. 2024లో సిగ్మా, టామ్రాన్ లైసెన్స్‌తో ఏపీఎస్-సీ లెన్సులు ప్రకటించాయి, ఫుల్‌ఫ్రేమ్ ఆటోఫోకస్ లెన్సుల్లో మాత్రం సోనీతో పోలిస్తే బయటి ఎంపిక చాలా తక్కువ. నికాన్ జెడ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. లైకా, పానాసోనిక్, సిగ్మా కలిసి 2018లో మొదలుపెట్టిన ఎల్ మౌంట్‌లో సిగ్మా లెన్సులన్నీ హాయిగా వాడుకోవచ్చు.

ఇప్పటికే పాత కేనన్ ఈఎఫ్ లెన్సులు నాలుగైదు ఉన్నవాళ్లు వాటిని అమ్మేసి మౌంట్ మారాలని తొందరపడొద్దు. ఈఎఫ్‌లో మౌంట్‌కీ సెన్సార్‌కీ మధ్య దూరం 44 ఎంఎం, ఆర్ఎఫ్‌లో 20. ఆ మిగిలిన 24 ఎంఎం ఖాళీలో అడాప్టర్ సరిగ్గా కూర్చుంటుంది, లోపల గాజు ఏమీ ఉండదు, బొమ్మ నాణ్యత ఏమాత్రం తగ్గదు, ఆటోఫోకస్ కూడా బాగా పనిచేస్తుంది. నికాన్ పాత ఎఫ్ లెన్సులవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి, లెన్స్‌లో సొంత మోటార్ లేని పాత రకాలకి నికాన్ వాళ్ల సొంత అడాప్టర్‌తో ఆటోఫోకస్ రాదు.

మొదటి లెన్స్‌గా జూమా, జూమ్ కాని ప్రైమా అంటే, మళ్లీ తీయడం కుదరని పనికి జూమే. 24-70 ఎంఎం ఎఫ్ 2.8 లేదా దానికి దగ్గరది (ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫ్రేమ్‌లోకి ఎక్కువ పడుతుంది). కదలడానికి చోటు లేనిచోట, మనిషి ఎటు వెళ్తాడో తెలియనిచోట లెన్స్ మార్చేలోగా అంతా అయిపోతుంది. అయితే ఆ 24 నిజంగా కావాలా అని ఒకసారి చూసుకోండి, ఎందుకంటే టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 రెండో తరం 540 గ్రాములు, సోనీ 24-70 జీఎం రెండో తరం 695, దాని మొదటి తరం 886. రోజంతా మోసేవాళ్లకి ఆ మూడు వందల గ్రాముల తేడా సాయంత్రానికి మణికట్టులో తెలుస్తుంది. ఇరుకు గదుల్లో తీసేవాళ్లకి మాత్రం 28 దగ్గర వీపు గోడకి ఆనుతుంది, అప్పుడు ఆ నాలుగు ఎంఎం కోసం బరువు మోయక తప్పదు. దానికి తోడు ఒక 50 లేదా 85 ఎఫ్ 1.8 పెట్టుకోండి, చిన్నది, చీకటిలో ఆదుకుంటుంది. ఎఫ్ 1.2 లెన్సులు నాకూ ఇష్టమే, కానీ మొదటి ఏడాదిలో వాటి జోలికి వెళ్లొద్దు.

వీడియోకి కూడా వాడేటట్టయితే కొనేముందు లెన్స్‌ని ఫోకస్ దగ్గర నుంచి దూరానికి తిప్పి చూడండి. ఫ్రేమ్ లోపలికీ బయటికీ ఊగినట్టు కనిపిస్తే దాన్నే బ్రీతింగ్ అంటారు, ఫొటోకి పట్టింపు లేదు, వీడియోలో ఫోకస్ ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి మారేటప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వీడియో వైపు ఎవరూ ముందు చెప్పని ఖర్చు

ఫొటోల నుంచి వీడియోకి వచ్చేవాళ్లు ఎన్‌డీ ఫిల్టర్ (లోపలికి వచ్చే కాంతిని తగ్గించడానికి లెన్స్‌కి పెట్టే నల్లద్దం) సంగతి మర్చిపోతారు, మొదటి ఔట్‌డోర్ షూట్‌లోనే టెన్షన్ మొదలవుతుంది. లెక్క చూడండి. కదలిక సహజంగా ఉండాలంటే 25 ఫ్రేములకి షట్టర్ 1/50 దగ్గర ఉంచుతాం. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసే పద్ధతి) తీస్తే చాలా కెమెరాల్లో బేస్ ఐఎస్ఓ 640 లేదా 800. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 అయితే ఎఫ్ 16 సరిపోతుందనేది పాత లెక్క. ఐఎస్ఓ 800, షట్టర్ 1/50కి వచ్చేసరికి నాలుగు స్టాప్‌ల వెలుతురు ఎక్కువైంది, అంటే ఎఫ్ 64 కావాలి, అలాంటి అపర్చర్ మన లెన్సుల్లో ఉండదు. ఎఫ్ 2.8 దగ్గర తీయాలంటే తొమ్మిది స్టాప్‌లు కొయ్యాలి. తొమ్మిది! అదే షట్టర్ పెంచేసి 1/4000, ఎఫ్ 8 దగ్గర తీస్తే ఎక్స్‌పోజర్ దాదాపు కుదురుతుంది కానీ నడిచే మనిషి చేతులు తునకలు తునకలుగా కదిలినట్టు కనిపిస్తాయి, ఎడిటింగ్‌లో దాన్ని సరిచేయడం దాదాపు అసాధ్యం.

అందుకని రెండు నుంచి ఐదు స్టాప్‌లది ఒకటి, ఆరు నుంచి తొమ్మిది స్టాప్‌లది ఇంకొకటి, ఇలా రెండు వేరియబుల్ ఎన్‌డీలు తీసుకోవడం మంచిది. ఒక్కదానిలోనే అన్నీ వస్తాయని చెప్పేవి వైడ్ లెన్స్ మీద చివరికి తిప్పితే ఫ్రేమ్ మధ్యలో నల్లటి అడ్డగీతలు చూపిస్తాయి. వేరియబుల్ అంటే రెండు పోలరైజర్లు ఒకదాని మీద ఒకటి, కాబట్టి అద్దాల మీద మెరుపు, ముఖం మీద సహజమైన నిగారింపు కూడా తిప్పేకొద్దీ మారతాయి. అది నచ్చనివాళ్లు స్థిరమైన ఎన్‌డీలు మూడు కొని అయస్కాంతంతో అతుక్కునే రింగులు వాడతారు. మీ లెన్సుల్లో అన్నిటికంటే పెద్ద ఫిల్టర్ సైజు చూసుకుని ఆ సైజులో ఒకే సెట్ కొని, చిన్న లెన్సులకి స్టెప్-అప్ రింగులు వేసుకోండి.

8 బిట్, 10 బిట్ గురించి: ఒక్కో రంగుకి మొదటిదానిలో 256 మెట్లు, రెండోదానిలో 1024. తీసింది తీసినట్టు ఇచ్చేవాళ్లకి 8 బిట్ చాలు. లాగ్‌లో తీసి గ్రేడింగ్ చేసేవాళ్లు 8 బిట్ జోలికి పోవద్దు, సాయంత్రం ఆకాశాన్ని కాస్త లాగగానే మెట్లు మెట్లుగా విడిపోతుంది. 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే రకం) తీసుకున్నాక మీ కంప్యూటర్ దాన్ని మోయగలదా అని కూడా చూడాలి. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఈ రకం ఫైళ్లని యాపిల్ ఎం సిరీస్ చిప్పులూ, ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లలోని గ్రాఫిక్సూ తేలిగ్గా ఆడిస్తాయి, చాలా గ్రాఫిక్స్ కార్డులు చాలాకాలం వరకు ఆడించలేకపోయాయి. పాత మెషిన్ ఉంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకోవాలి, లేదా ఆల్-ఇంట్రాలో (ప్రతి ఫ్రేమ్‌నీ విడిగా దాచే పద్ధతి) తీసుకుని పెద్ద ఫైళ్లని భరించాలి.

సౌండ్

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే బొమ్మ కొంచెం మెత్తగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు.

మైక్ ఖరీదు కంటే మైక్ దూరం ముఖ్యం. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది, గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కెమెరా మీద రెండు మీటర్ల దూరంలో ఉన్న గొప్ప షాట్‌గన్ (పొడవాటి గొట్టంలాంటి మైక్) కంటే గడ్డానికి జానెడు కింద పెట్టిన మామూలు కాలర్ మైక్ బాగా వినిపిస్తుంది, ఇది ఒకసారి పక్కపక్కన పెట్టి వింటే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

కాలర్ మైక్ పెట్టడంలో కూడా పనితనం ఉంది. క్లిప్పుకి పెట్టి వదిలేస్తే మనిషి తల తిప్పినప్పుడల్లా బట్ట రాసుకుని చరచర వినిపిస్తుంది. నేను వైరుని మైక్ కింద చిన్న చుట్టలా తిప్పి క్లిప్పులో బిగిస్తాను, అప్పుడు వైరు లాగినా ఆ కుదుపు మైక్ దాకా పోదు. బట్టలోపల దాచాల్సి వస్తే టేపుని త్రికోణంలా మడిచి, జిగురు వైపు బయటికి వచ్చేలా రెండు ముక్కలు చేసి, మైక్‌ని వాటి మధ్య పెట్టి బట్టకీ ఒంటికీ రెండువైపులా అతికిస్తే బట్ట, మైక్ కలిసి కదులుతాయి, రాసుకోవు. పట్టు లాంటి గలగలలాడే బట్ట అయితే ఏం చేసినా రాపిడి వస్తుంది, అప్పుడు బూమ్ (పొడవాటి కర్ర) మీద షాట్‌గన్ పెట్టి ఫ్రేమ్ పై అంచు దాకా దించడమే మార్గం. చిన్న గదిలో, తక్కువ సీలింగ్ కింద మాత్రం పొడవాటి షాట్‌గన్ డొల్లగా వినిపిస్తుంది, అక్కడ సూపర్‌కార్డియాయిడ్ రకం (ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే) చిన్న మైక్ మేలు.

వైర్‌లెస్‌లో ఏది అంటే, ట్రాన్స్‌మిటర్ లోపలే రికార్డయ్యేది. 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచేవి మనిషి వెనక్కి తిరిగినా, హాలులో ఫోన్లు ఎక్కువైనా మాట తుంపులు తుంపులుగా వస్తుంది, ఇది ఏ కంపెనీదైనా అంతే, ఎందుకంటే ఒంట్లోని నీరు ఆ తరంగాల్ని మింగేస్తుంది. రోడ్ వైర్‌లెస్ ప్రో, డీజేఐ మైక్ 2 లాంటివాటిలో ట్రాన్స్‌మిటర్‌లోనే 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ ఉంది కాబట్టి సిగ్నల్ పోయినా అసలు ఫైలు మిగులుతుంది. 32 బిట్ ఫ్లోట్ ఉంటే లెవెల్ తప్పినా సరిచేసుకోవచ్చు, అది నిజంగా ప్రాణం కాపాడే సదుపాయం, కానీ గాలి హోరుని, ఫ్యాన్‌ని, గది ప్రతిధ్వనిని అది ఏమీ చేయలేదు. ఏ మైక్ అయినా మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినకుండా రికార్డ్ నొక్కొద్దు.

లైట్లు, ట్రైపాడ్, గింబల్

ఫొటోలే మీ పని అయితే ఫ్లాష్ కొనండి. వీడియో కూడా ఉంది కదా, ఎల్ఈడీతోనే రెండూ కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. 200 వాట్ల ఎల్ఈడీ 1/200 షట్టర్‌లో ఇచ్చేది ఒక్క వాట్-సెకను శక్తి. 200 వాట్-సెకన్ల ఫ్లాష్ అదే వ్యవధిలో ఉన్నదంతా గుమ్మరిస్తుంది. ఎల్ఈడీ కరెంటుని కాంతిగా మార్చడంలో మెరుగే అయినా తేడా పదుల రెట్లు ఉంటుంది. ఎండలో మనిషి ముఖం మీద నీడని ఫ్లాష్ చెరుపుతుంది, ఆ సైజు ఎల్ఈడీ చెరపలేదు. వీడియోకి మాత్రం ఎల్ఈడీ తప్ప దారి లేదు, అక్కడ చిన్న లైట్లు నాలుగు కొనేకన్నా బోవెన్స్ మౌంట్ (సాఫ్ట్‌బాక్స్ లాంటివి బిగించే అమరిక) ఉన్న 200-300 వాట్ల పెద్దది ఒకటి, దానికి పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఒకటి కొనండి. సాఫ్ట్‌బాక్స్ కాంతిని సగానికి పైగా మింగేస్తుంది, లైట్‌ని రెట్టింపు దూరం జరిపితే మిగిలిన దాంట్లో నాలుగో వంతే అందుతుంది, అందుకే 60 వాట్లు కాగితం మీద సరిపోయినట్టు అనిపించి గదిలో చాలదు.

సీఆర్ఐ (లైట్ కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయనే కొలత) 95 అని డబ్బా మీద రాసి ఉంటే సంబరపడిపోవద్దు. ఆ సంఖ్య ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు అందులో లేదు. దాని కొలత విడిగా ఆర్9 అని ఇస్తారు. మనిషి చర్మం బాగా కనిపించాలంటే ఆర్9 ఎక్కువ ఉండాలి, అది తక్కువున్న లైట్ కింద ముఖాలు పాలిపోయినట్టు వస్తాయి.

ఇక గదిలో ఉండే లైట్ల మిణుకు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో షట్టర్ 1/50 లేదా 1/100, 60 ఉన్నచోట 1/60 లేదా 1/120. ఇది తెలిసినదే అయినా హడావుడిలో మర్చిపోతాం.

ట్రైపాడ్ విషయంలో ఫొటోకీ వీడియోకీ ఒకటే సరిపెట్టుకుందాం అనుకుంటే వీడియో ఫ్లూయిడ్ హెడ్ తీసుకోండి, బాల్ హెడ్ మీద నున్నగా పాన్ చేయలేం (పాన్ అంటే కెమెరాని పక్కకి తిప్పడం). కొనేముందు కెమెరా బిగించి ముప్పై డిగ్రీలు కిందికి వంచి చేయి తీసేయండి. అక్కడే నిలబడితే మంచిది, ముక్కు కిందికి వాలితే మీ కెమెరా బరువుకి దాని కౌంటర్‌బ్యాలెన్స్ (బరువుని నిలిపి ఉంచే స్ప్రింగ్) చాలదు. తర్వాత నెమ్మదిగా పాన్ చేసి ఆపి హ్యాండిల్ వదలండి, ఫ్రేమ్ కాస్త వెనక్కి గుంజుకుంటే ఆ హెడ్ వద్దు, ఎంత పేరున్నదైనా సరే.

గింబల్ (ఊపుని మోటార్లతో సరిచేసే పిడి) కొనాలా, బాడీలో ఉన్న స్టెబిలైజేషన్ చాలా? నిలబడి చేత్తో పట్టుకుని తీయడానికి బాడీది చాలు. నడుస్తూ తీస్తే అడుగు పడినప్పుడల్లా వచ్చే పైకీ కిందికీ ఊపు దానికి అందదు, పైగా వైడ్ లెన్స్‌తో ఫ్రేమ్ మూలలు జెల్లీలా వణుకుతాయి. గింబల్ అడుగుల ఊపుని చాలావరకు మింగుతుంది, కానీ బ్యాలెన్స్ చేయడానికి సమయం, మోయడానికి భుజం కావాలి. నెలకి ఒకటి రెండు షూట్లకే అవసరమైతే అద్దెకు తెచ్చుకోండి.

కార్డులు, బ్యాటరీలు

కార్డ్ మీద పెద్ద అక్షరాల్లో ముద్రించేది ఫైళ్లని చదివే వేగం, రాసే వేగం కాదు. మీకు కావాల్సింది వీ అక్షరం పక్కన ఉన్న అంకె. వీ30 అంటే సెకనుకి కనీసం 30 మెగాబైట్లు రాస్తుంది, అంటే 240 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు). వీ60 అయితే 480, వీ90 అయితే 720. 200 ఎంబీపీఎస్‌లో తీస్తే వీ30 సరిపోతుంది, గంటకి 90 జీబీ పడుతుంది. 400 అయితే వీ60, గంటకి 180 జీబీ. ఈ లెక్క కట్టి కార్డులు కొనండి, లేకపోతే 64 జీబీ కార్డ్ ఇరవై నిమిషాల్లో నిండిపోయి మీరు ప్రసంగం మధ్యలో జేబులు తడుముకుంటారు.

రెండు స్లాట్ల గురించి నేను గట్టిగా చెప్తాను. ఒకసారి ఒకే స్లాట్ ఉన్న బాడీతో వేడుక తీస్తుంటే కార్డ్ ఎర్రర్ అని వచ్చింది, మొదటి అరగంట ఫొటోలు మళ్లీ రాలేదు, రికవరీ సాఫ్ట్‌వేర్ కొన్ని ముక్కలు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ కుటుంబానికి చెప్పడానికి ఫోన్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత మళ్లీ తీయలేని పనికి ఒకే స్లాట్ బాడీ తీసుకెళ్లలేదు. రెండు స్లాట్లున్నా రెండిట్లోనూ ఒకేసారి రాయమని మెనూలో పెట్టాలి, కొత్త బాడీ చేతికొచ్చిన రోజే పెట్టేయండి.

విమానాల్లో వెళ్లేవాళ్లు బ్యాటరీ 100 వాట్-అవర్ల లోపు చూసుకోండి, అంతవరకు అనుమతి అడగక్కర్లేదు, కాకపోతే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. అందుకే చాలా వీ-మౌంట్ బ్యాటరీలు (లైట్లకీ పెద్ద కెమెరాలకీ వాడేవి) 98, 99 దగ్గర ఆపుతారు.

ఇప్పుడు బాడీ

ఫొటోలు ముఖ్యం, వీడియో అప్పుడప్పుడు అంటే కేనన్ ఆర్6 మార్క్ టూ, నికాన్ జెడ్6 త్రీ, సోనీ ఏ7 ఫోర్, ఈ మూడింటిలో మీ లెన్సులు ఏ మౌంట్‌వైతే అది. తేడాలు ఉన్నాయి: ఏ7 ఫోర్‌లో 33 మెగాపిక్సెళ్లు, మిగతా రెండింటిలో 24. కానీ ఏ7 ఫోర్ 4కేలో 60 ఫ్రేములు తీస్తే బొమ్మ 1.5 రెట్లు క్రాప్ అవుతుంది, ఇరుకు గదుల్లో వీడియో తీసేవాళ్లకి అది ఇబ్బంది. ఆర్6 మార్క్ టూకి రెండూ ఎస్‌డీ కార్డులే. జెడ్6 త్రీలో సెన్సార్ పాక్షికంగా స్టాక్డ్, అంటే చదివే వేగం ఎక్కువ, కాబట్టి పక్కకి వేగంగా తిప్పినప్పుడు నిలువు గీతలు ఒరగడం తక్కువ, అయితే ఒక స్లాట్ సీఎఫ్ఎక్స్‌ప్రెస్, ఇంకోటి ఎస్‌డీ, కాబట్టి రెండు రకాల కార్డులు కొనాలి. ఈ మూడింటిలో ఫొటో, వీడియో సగం సగం చేసేవాళ్లకి నేను జెడ్6 త్రీ వైపు మొగ్గుతాను.

వీడియోనే ముఖ్యం, గంటలకొద్దీ రికార్డ్ చేయాలి అంటే ఫ్యాన్ ఉన్న బాడీ తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. చిన్న బాడీల్లో 4కే 60 ఫ్రేములు పెట్టి వేడి గదిలో అరగంట తీస్తే స్క్రీన్ మీద థర్మామీటర్ గుర్తు వెలుగుతుంది, అది చూశాక ఎదుటివాళ్లు ఏం మాట్లాడుతున్నారో చెవికెక్కదు. పానాసోనిక్ ఎస్5 టూలో ఫ్యాన్ ఉంది, రికార్డింగ్‌కి టైమ్ లిమిట్ లేదు, ఫొటోలకీ బాగుంటుంది. సోనీ ఎఫ్ఎక్స్3లో ఫ్యాన్‌తోపాటు ఎక్స్ఎల్ఆర్ (స్టూడియో రకం కనెక్టర్) మైకులు పెట్టుకునే హ్యాండిల్ వస్తుంది, చీకటిలో చాలా గట్టిది, కానీ 12 మెగాపిక్సెళ్లు, కంటికి ఆనించే వ్యూఫైండర్ లేదు, కాబట్టి ఫొటోలు కూడా ఇవ్వాల్సినవాళ్లకి చాలదు. ఎఫ్ఎక్స్30 చిన్న సెన్సార్‌ది, వీడియో నేర్చుకుంటూ ఎదిగేవాళ్లకి నాకు బాగా నచ్చేది, అయితే దానిలో మెకానికల్ షట్టర్ లేదు, ఫ్లాష్‌తో ఫొటోలు తీద్దామనుకుంటే కుదరదు. ఇది కొనేసి తర్వాత తెలుసుకున్నవాళ్లని చూశాను.

ఆటలు, పక్షులు అయితే నికాన్ జెడ్8. మెకానికల్ షట్టర్ దీనిలోనూ లేదు, కానీ సెన్సార్ మొత్తాన్ని సెకనులో సుమారు 1/270 వంతులో చదివేస్తుంది కాబట్టి ఫ్లాష్ కూడా మామూలుగా పనిచేస్తుంది. సోనీ ఏ9 త్రీ ఇంకో అడుగు ముందుకేసి గ్లోబల్ షట్టర్ పెట్టింది, అన్ని పిక్సెళ్లూ ఒకేసారి కాంతిని పట్టుకుంటాయి, ఏ షట్టర్ దగ్గరైనా ఫ్లాష్ కలుస్తుంది. దానికి బదులుగా బేస్ ఐఎస్ఓ 250 నుంచి మొదలవుతుంది, నీడల్ని పైకి లాగితే నాయిస్ ముందే కనిపిస్తుంది. గాలిలో బంతి గుడ్డులా సాగకూడదు అనేవాళ్లకి అది సరైన బేరం, ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకి కాదు.

సెకండ్ హ్యాండ్‌లో బాడీ కొంటే షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు పడిందనే లెక్క) చూడండి, మధ్యస్థాయి బాడీల్లో చాలావాటికి లక్షన్నర, రెండు లక్షల దాకా రేటింగ్ ఉంటుంది. తెల్లటి గోడని ఎఫ్ 16 దగ్గర తీసి పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీద మచ్చలు బయటపడతాయి. లెన్స్‌ని టార్చ్‌లైట్‌కి అడ్డంగా పట్టి లోపల సాలెగూడులాంటి బూజు ఉందేమో చూడండి, ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

కొన్నాక మొదటి పనికి వెళ్లేముందు ఒక రోజు పూర్తిగా దీనికే కేటాయించండి. మీరు తీయబోయే సెట్టింగ్‌లోనే, రెండు కార్డులూ పెట్టి, మైక్ తగిలించి, అత్యంత వేడిగా ఉండే గదిలో ట్రైపాడ్ మీద నిలబెట్టి, కార్డ్ నిండేదాకా లేదా బ్యాటరీ అయిపోయేదాకా ఆపకుండా రికార్డ్ చేయండి. ఎన్ని నిమిషాలకి వేడి గుర్తు వచ్చింది, బ్యాటరీ ఎంతసేపు నిలిచింది, ఫైలు మధ్యలో ఎక్కడైనా తెగిందా అని కాగితం మీద రాసుకుని కెమెరా సంచి మూతకి లోపలివైపు అతికించండి. మిగతా రోజంతా చీకటి గదిలో కూర్చుని చూడకుండా ఐఎస్ఓ మార్చడం, ఫోకస్ పాయింట్ జరపడం, లెన్స్ విప్పి బిగించడం చేయండి, వేళ్లకి అలవాటయ్యేదాకా.